నాన్నగారి మందులు, టెస్టులు, కంటి ఆపరేషన్: ఖర్చు ఎక్కడ తగ్గుతుంది, ఎక్కడ తగ్గించకూడదు

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా రాస్తాను, చదివే మిగతా వాళ్ళకి కూడా అర్థమవుతుంది. నాన్నగారికి 66 ఏళ్ళు, నరసరావుపేటలో ఉంటారు. పదకొండేళ్ళుగా షుగర్, దానితోపాటు బీపీ, కొలెస్ట్రాల్. ఇన్సూరెన్స్ లేదు. నెలకి మందులకి 4,140 రూపాయలు అవుతోంది. మూడు నెలలకోసారి 2,999 రూపాయల ఫుల్ బాడీ ప్యాకేజీ చేయిస్తున్నారు. ఇప్పుడు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అని గుంటూరులో 48,000 చెప్పారు. "మందుల మీద 20 శాతం డిస్కౌంట్ ఇచ్చే షాపు దొరికింది, అక్కడికి మారాలా, ఇంకేమైనా దారి ఉందా?" అన్నది మీ ప్రశ్న.

నాకు తెనాలిలో పదమూడేళ్ళుగా మందుల షాపు ఉంది. అంతకు ముందు తొమ్మిదేళ్ళు విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేశాను, మొదట ఫార్మసీ కౌంటర్లో, తర్వాత బిల్లింగులో. బల్లకి ఇటువైపు నుంచే ఇవన్నీ చూశాను. కింద రాసేవాటిలో కొన్ని నా వ్యాపారానికే దెబ్బ, మా ఆవిడ చదివితే రెండు మాటలు అంటుంది. పర్వాలేదు.

ముందు ఆ 20 శాతం సంగతి. 4,140లో 20 శాతం అంటే 828. మంచిదే, కాదనను. కానీ షాపు మారితే వచ్చేది పదో ఇరవయ్యో శాతం. అదే మందు వేరే కంపెనీది తీసుకుంటే ఒక్కోసారి ధర సగం అవుతుంది, ఒక్కోసారి పదో వంతు కూడా అవుతుంది. మీరు రాసిన లిస్టులోనే చూడండి. షుగర్ మందు ఎంపాగ్లిఫ్లోజిన్ 10 మిల్లీగ్రాములు, బిళ్ళ 58 రూపాయల చొప్పున నెలకి 1,740. మొత్తం బిల్లులో నలభై శాతం ఈ ఒక్క బిళ్ళదే. ఈ మందుకి మన దేశంలో పేటెంట్ 2025 మార్చిలో అయిపోయింది. అప్పటిదాకా దీన్ని కనిపెట్టిన కంపెనీ, దానితో ఒప్పందం ఉన్నవాళ్ళు మాత్రమే అమ్మేవారు, ధర 60 రూపాయల దగ్గర ఉండేది. పేటెంట్ పోయిన వారంలోనే మన కంపెనీలు డజన్ల కొద్దీ బ్రాండ్లు దించాయి. వాటిలో పేరున్న పెద్ద కంపెనీలవి కూడా బిళ్ళ పది రూపాయల లోపు ఉన్నాయి. మీ నాన్నగారి చీటీ 2023లో రాసింది. అప్పటి నుంచి అదే చీటీ చూపించి అదే బ్రాండు కొంటున్నారు. మధ్యలో పేటెంట్ పోయిందని పేషెంటుకి ఎవరు చెబుతారు? షాపువాడు చెప్పడు. కంపెనీ అసలే చెప్పదు. డాక్టరు గారికి ఆ హడావుడిలో గుర్తుండదు. షుగర్ మందుల్లో ఇలా జరగడం ఇదే మొదలు కాదు. విల్డాగ్లిప్టిన్‌కి 2019 చివర్లో, డపాగ్లిఫ్లోజిన్‌కి 2020లో, సిటాగ్లిప్టిన్‌కి 2022లో పేటెంట్ పోయింది. ప్రతిసారీ ధరలు ఇలాగే పడ్డాయి. ప్రతిసారీ సగం మంది పాత ధరకే కొంటూ ఉండిపోయారు. ఇంట్లో ఎవరైనా ఖరీదైన షుగర్ బిళ్ళ రెండేళ్ళకి పైగా వాడుతుంటే, ఒకసారి ఆ మందు అసలు పేరు పెట్టి ధరలు చూడాల్సిందే.

మిగతా ఐదు మందుల్లో బీపీది, షుగర్ కాంబినేషనుది, కొలెస్ట్రాలుది మూడూ జన ఔషధి కేంద్రాల్లో దొరికే రకాలే. ఉదాహరణకి టెల్మిసార్టన్ 40 బాగా అమ్ముడుపోయే బ్రాండులో బిళ్ళ ఏడెనిమిది రూపాయల చుట్టూ ఉంటుంది, జన ఔషధిలో రూపాయి, రెండు రూపాయల మధ్య. తక్కువ ధరకి మందులు అమ్మడానికి కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన పథకం ఇది, ఇప్పుడు చాలా పట్టణాల్లో కేంద్రాలున్నాయి. ఫోన్లో 'జన ఔషధి సుగమ్' యాప్ వేసుకుంటే మీకు దగ్గరలో కేంద్రం ఎక్కడుందో, ఏ మందు ధర ఎంతో చూసుకోవచ్చు. అక్కడ ఇబ్బంది ఒకటే, స్టాకు. ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉండదు. అందుకే బిళ్ళలు అయిపోయాక వెళ్ళకండి, పది రోజులవి ఉండగానే వెళ్ళండి.

ఇక మిగిలిన రెండు మందులు. గ్యాస్ బిళ్ళ నెలకి 390, నరాలకి విటమిన్ క్యాప్సూల్ నెలకి 570. వీటి ధరలు పోల్చే ముందు డాక్టరు గారిని ఒక ప్రశ్న అడగండి: "ఇవి ఇంకా వాడాలా అండీ?" నా షాపులో ఏడేళ్ళుగా గ్యాస్ బిళ్ళ మింగుతున్నవాళ్ళు ఉన్నారు. ఎందుకని అడిగితే "ఎప్పుడో జ్వరమొచ్చినప్పుడు రాశారండీ" అంటారు. కొందరికి అది నిజంగా కావాలి. ముఖ్యంగా రోజూ ఆస్ప్రిన్ లాంటివి వేసుకునే పెద్దవాళ్ళకి డాక్టర్లు కావాలనే రాస్తారు, అందుకని మీ అంతట మీరు ఆపకండి. విటమినూ అంతే. షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 తగ్గే వీలుంది, కాబట్టి అవసరం ఉండొచ్చు. కానీ ఆ క్యాప్సూల్లో బీ12 ఒక్కటే లేదు, ఇంకో ఆరేడు కలిపారు, ఆ ఆరేడింటికే ఆ ధర. బీ12 ఒక్కటే రాయమని అడగొచ్చు.

ఈ లెక్క ప్రకారం మొత్తం మీద మీ 4,140 వెయ్యి రూపాయల దరిదాపులకి రావాలి. 20 శాతం డిస్కౌంటు షాపులో అవే బ్రాండ్లు కొంటే 3,312.

పోల్చడం ఎలాగో ఇప్పుడు చెబుతాను, తప్పులు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి. మా షాపుకి ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు వస్తారు. పోయిన ఏడాది ఒకరోజు చేతిసంచిలోంచి పాత క్యాలెండర్ కాగితం తీసి నా బల్ల మీద పరిచారు. వెనక వైపు స్కేలుతో గీతలు కొట్టి గళ్ళు వేశారు. బ్రాండు పేరు, లోపలి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, స్ట్రిప్పులో ఎన్ని, స్ట్రిప్పు ధర, చివరి గడిలో ఒక్క బిళ్ళ ధర. నాలుగు షాపులు, రెండు ఆన్‌లైన్ యాప్‌లు తిరిగి రాసుకొచ్చారు. పదిహేను బిళ్ళల స్ట్రిప్పునీ, పది బిళ్ళల స్ట్రిప్పునీ ఒకే గాటన కట్టకుండా బిళ్ళ లెక్కకి తెచ్చారు. చాలామంది బోల్తా పడేది అక్కడే. "చూడవయ్యా, మెట్‌ఫార్మిన్‌లో నెలకి 90 రూపాయలు మిగులుతోంది" అన్నారు. కాగితం చూస్తే ఒక వరుసలో మెట్‌ఫార్మిన్ 500 ఎస్ఆర్, కింది వరుసలో ఉత్త మెట్‌ఫార్మిన్ 500. రెండూ ఒకటే అనుకున్నారు. ఎస్ఆర్ అంటే మందు కడుపులో మెల్లగా విడుదలయ్యేది. ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ అని రాసి ఉన్నవీ అలాంటివే. ఉత్త రకం వేసుకుంటే ఆయనకి విరేచనాలు పట్టుకునేవేమో. మాస్టారు ఎర్ర పెన్నుతో ఆ వరుస కొట్టేసి, "ఇంకో గడి గీయాలన్నమాట" అన్నారు. మీరూ ఆ గడి గీసుకోండి. లోపలి మందు పేరు, బలం, పక్కనున్న అక్షరాలు, ఈ మూడూ అచ్చంగా ఒకటైతేనే ధర పోల్చండి. ఎస్ఆర్ బిళ్ళని విరవడం, పొడి చేయడం లాంటివి అసలు పనికిరావు.

రెండో తికమక 'జనరిక్' అన్న మాటతో వస్తుంది, అంటే పెద్ద బ్రాండు పేరు లేకుండా అమ్మే అదే మందు. జన ఔషధిలో అట్ట మీద ఎమ్మార్పీయే తక్కువగా ఉంటుంది. మామూలు షాపుల్లో దొరికే జనరిక్ అలా కాదు. దాని మీద ఎమ్మార్పీ బ్రాండుతో సమానంగా కొట్టి ఉంటుంది, షాపుకి మాత్రం చాలా తక్కువకి వస్తుంది. నా దగ్గరే ఒక స్ట్రిప్పు ఉంది, ఎమ్మార్పీ 98, నాకు పడింది 17. దాన్ని 'సగం ధరకే' అని బోర్డు పెట్టి 49కి అమ్మే షాపులున్నాయి. కొన్నవాడికి ఆనందం, అమ్మినవాడికి ఇంకా ఆనందం. అందుకని శాతాలు చూడకండి. మీ జేబులోంచి బిళ్ళకి ఎంత పోయిందో చూడండి. ఇలాంటి స్ట్రిప్పు మీద గట్టిగా అడిగితే ఇంకా తగ్గిస్తాం. అడిగేవాళ్ళు తక్కువ.

ప్రభుత్వం ధర కట్టిన మందులు కూడా ఉన్నాయి. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి పై హద్దు ఉంటుంది. మార్కెట్లో ఒక శాతం, ఆపైన వాటా ఉన్న బ్రాండ్ల ధరల సగటు తీసి, దానికి షాపువాళ్ళ మార్జిన్ 16 శాతం కలిపి ఆ హద్దు కడతారు. జాబితాలో లేనివాటి ధర కంపెనీ ఇష్టం, కాకపోతే ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదు. 'ఫార్మా సహీ దామ్' అనే ప్రభుత్వ యాప్‌లో మందు పేరు కొడితే బ్రాండ్ల వారీగా ధరలు వస్తాయి. మరొకటి, 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత అట్ట మీద పాత ధర ఉన్నా బిల్లు కొత్త ధరకే వేయాలి. వేయకపోతే అడగండి.

బ్రాండు మార్చడం అనేది షాపులో నన్ను అడిగి చేయించుకునే పని కాదు. షెడ్యూల్ హెచ్ మందుల్లో, అంటే చీటీ ఉంటేనే అమ్మాల్సినవాటిలో, డాక్టరు ఒక బ్రాండు రాస్తే, అదే మందు ఉన్నా సరే ఇంకోటి ఇవ్వడానికి నిబంధనలు మాకు ఒప్పుకోవు. ఇచ్చేవాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి. జనరిక్ పేర్లే రాయాలని జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో నిబంధన తెచ్చింది, ఆ నెలలోనే పక్కన పెట్టేసింది. కాబట్టి డాక్టరు గారినే అడగాలి. ఎలా అడుగుతారన్నది ముఖ్యం. "జనరిక్ రాయండి" అంటే కొందరు చిరాకు పడతారు. "అండీ, నెలకి నాలుగు వేలు కష్టంగా ఉంది, ఇదే మందు మీకు నమ్మకమున్న తక్కువ ధర కంపెనీది ఏదైనా ఉంటే రాయండి" అనండి. నేను చూసినంతవరకు పదిమందిలో ఏడెనిమిది మంది రాస్తారు. ఖర్చు ఎంతవుతోందో చాలామంది డాక్టర్లకి తెలియదు, మన మొహమాటం కొద్దీ మనం చెప్పం.

మార్చాక రెండు వారాలు ఇంట్లో బీపీ, షుగర్ చూసి రాసుకోండి. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ, అంటే గడిచిన రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష, చేయించండి. "చవక మందు పనిచేస్తుందా" అన్న టెన్షన్‌కి అదొక్కటే సరైన జవాబు.

ధర చూసి మార్చకూడనివి కొన్ని ఉన్నాయి. థైరాయిడ్ బిళ్ళ, ఫిట్స్ మందులు, రక్తం పలచబడటానికి వాడే వార్‌ఫరిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు వాడే మందులు. వీటిలో మోతాదు కొంచెం అటూ ఇటూ అయినా తేడా చేస్తుంది. డాక్టరు చెప్పి, మళ్ళీ పరీక్ష పెట్టుకుంటే తప్ప బ్రాండు మార్చవద్దు. మందుల షాపు పెట్టుకుని నేనే ఈ తప్పు చేశాను. మా ఆవిడ థైరాయిడ్ బిళ్ళ స్టాకు లేదని వేరే కంపెనీది తెచ్చిచ్చాను. రెండు నెలలు ఒళ్ళు బరువు, నిద్రమత్తు అంటే వయసనుకున్నాను. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ చూస్తే మూడింతలయింది. కారణం ఆ బిళ్ళేనని ప్రమాణం చేసి చెప్పలేను గానీ, అప్పటి నుంచి ఆ డబ్బా జోలికి వెళ్ళను.

టెస్టుల సంగతి తొందరగా చెబుతాను. '87 పరీక్షలు 2,999 మాత్రమే' అన్న ప్రకటనలో 87 ఎలా వచ్చాయో చూడండి. రక్తకణాల పరీక్ష సీబీపీ ఒక్కదాన్నే ఇరవైకి పైగా లెక్కేస్తారు. లివర్‌ది పది పన్నెండు, మూత్ర పరీక్ష ఒక డజను, కొలెస్ట్రాల్ ఎనిమిది. విడదీస్తే ఎనిమిది తొమ్మిది పరీక్షలకి మించవు. నాన్నగారికి మూడు నెలలకోసారి కావాల్సింది హెచ్‌బీఏ1సీ, పరగడుపున, తిన్నాక షుగర్, డాక్టరు చెబితే కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్. షుగర్ అదుపులో నిలకడగా ఉంటే హెచ్‌బీఏ1సీ కూడా ఆరు నెలలకోసారి చాలంటారు. కొలెస్ట్రాల్ ఏడాదికోసారి చాలు, మందు మారిస్తే తప్ప. మీరు పంపిన ప్యాకేజీ లిస్టులో ఐరన్ ఉంది, అమైలేజ్ ఉంది, అసలు కావాల్సింది లేదు. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి, ఏసీఆర్ అంటారు. షుగర్ వల్ల కిడ్నీకి దెబ్బ తగులుతోందని అన్నిటికంటే ముందు చెప్పేది అదే. ఏడాదికోసారి తప్పకుండా చేయించండి. కంటి రెటీనా పరీక్షా అంతే.

విడిగా చేయించుకునేటప్పుడు ల్యాబులకి ఫోన్ చేసి రేటు అడగండి, "డాక్టరు పంపలేదు, నేనే వస్తున్నాను, ఎంత తగ్గిస్తారు?" అని కూడా అడగండి. చాలా ఊళ్ళలో ల్యాబు రేటులో పంపినవాళ్ళ వాటా కలిసి ఉంటుంది. అది తప్పని వైద్యుల నియమావళే చెబుతుంది, అయినా నడుస్తోంది. ఎవరూ పంపకుండా వచ్చినవాడికి ఆ వాటా తగ్గించడం ల్యాబుకి నష్టం కాదు. స్కానింగుల్లో తేడా ఇంకా పెద్దది. ఎమ్మారై అయితే మిషను అయస్కాంతం బలం 1.5 టెస్లానా 3 టెస్లానా, కాంట్రాస్టు ఇంజెక్షను రేటులో కలిసిందా, ఫిల్ము ఇస్తారా అని అడిగాకే రెండు సెంటర్లను పోల్చండి. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా చేసే పరీక్షలు ఇప్పుడు బాగా పెరిగాయి. తెలంగాణలో 2018లో మొదలైన టీ డయాగ్నస్టిక్స్ మా హైదరాబాదు చుట్టాలు వాడుతున్నారు, రిపోర్టు ఫోనుకే వస్తుంది.

కానీ అన్నిటికంటే చవకైన ల్యాబు అనే పరుగు వద్దు. నాలుగేళ్ళ కిందట మా కాలనీలో ఒక ల్యాబు వాళ్ళు టెంటు వేసి 399కే అన్నీ అన్నారు. ఎండాకాలం. శాంపిల్ ట్యూబులు మధ్యాహ్నం దాకా ఒక అట్టపెట్టెలో కూర్చున్నాయి, నేను కళ్ళారా చూశాను, అయినా నోరు మూసుకుని మా నాన్న చెయ్యి చాపించాను. సాయంత్రం రిపోర్టులో పొటాషియం 6.4, గుండెకి ప్రమాదమనే అంకె. ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని విజయవాడ వెళ్ళాం. అక్కడ ఈసీజీ తీసి, మళ్ళీ రక్తం తీస్తే 4.3, మామూలుగానే ఉంది. శాంపిల్ ఆలస్యమై రక్తకణాలు పగిలితే పొటాషియం అలా పెరిగినట్టు కనిపిస్తుందని డ్యూటీ డాక్టరు చెప్పాడు. 399 కాస్తా ఏడు వేలు దాటింది. అందుకని ల్యాబుల నాణ్యత చూసే ఎన్‌ఏబీఎల్ సంస్థ గుర్తింపు ఉన్న రెండు మూడు ల్యాబుల మధ్యే రేట్లు పోల్చండి. ఒకటి తేల్చుకున్నాక ఊరికే మార్చకండి, ఒకే చోటైతేనే పాత రిపోర్టుతో కొత్తది పోల్చడానికి వీలు.

ఇక ఆ 48,000. మీరు పంపిన కాగితంలో "క్యాటరాక్ట్ ప్యాకేజీ, కుడి కన్ను, 48,000" అని ఒక్క లైను ఉంది. ఇలాంటి కాగితాన్ని ఇంకో ఆసుపత్రి కాగితంతో పోల్చడానికి లేదు. కంటి ఆపరేషనులో రేటుని నడిపించేవి రెండు, లెన్సు ఏ రకం, కోత ఎలా పెడతారు. లెన్సుల్లో మామూలు ఫోల్డబుల్ మోనోఫోకల్ ఉంది, దూరం చూపు బాగా వస్తుంది, దగ్గరికి చదవడానికి అద్దాలు కావాలి. సిలిండర్ పవరు ఉన్నవాళ్ళకి టోరిక్. దూరం, దగ్గర రెండూ కనిపించే మల్టీఫోకల్, ట్రైఫోకల్ రకాల ధర ఎన్నో రెట్లు. ఆపరేషను మామూలు ఫేకోనా (చిన్న కోతతో శుక్లాన్ని ముక్కలు చేసి తీసేది), దాని పైన లేజరు వాడతారా అన్నది రెండోది. లేజరు అంటే కొన్ని వేలు పెరుగుతుంది. మీ నాన్నగారి విషయంలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. షుగర్ పదకొండేళ్ళుగా ఉన్న కంట్లో రెటీనా బాగాలేకపోతే మల్టీఫోకల్ లెన్సు మంచి ఎంపిక కాదని చాలామంది కంటి డాక్టర్లు అంటారు. కాబట్టి రెటీనా పరీక్ష అయ్యాకే లెన్సు మాట. 48,000లో మల్టీఫోకల్ ఉంటే, కావాలా వద్దా అన్నది డబ్బు ప్రశ్న కంటే ముందు కంటి ప్రశ్న.

ఆసుపత్రి కౌంటర్లో ఇలా అడగండి, కాగితం మీద రాయించుకోండి. లెన్సు ఏ కంపెనీది, ఏ మోడల్, దాని ఎమ్మార్పీ ఎంత? ఆపరేషనుకి ముందు చేసే రక్త పరీక్షలు, కంటి కొలత స్కాను ఈ డబ్బులోనే వస్తాయా? తర్వాత నెలా నెలన్నర వాడే చుక్కల మందులు? మళ్ళీ చూపించుకునే ఫీజులు ఎన్నిసార్లు ఉచితం? అద్దాలు? ఆపరేషను రోజున లెన్సు డబ్బా మీది స్టిక్కరు డిశ్చార్జి కాగితం మీద అంటిస్తారు. అది ఉందో లేదో ఇంటికొచ్చే ముందే చూసుకోండి, కంపెనీ, మోడల్, సీరియల్ నంబరు అందులోనే ఉంటాయి. మీకు చెప్పిన లెన్సు వేశారని చెప్పే రుజువు అదొక్కటే.

ఆ కాగితం చేతికొచ్చాక ఇంకో రెండు చోట్ల అదే రకం లెన్సుకి రేటు అడగండి. మీకు దగ్గరలో గుంటూరు పక్కన పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది, విజయవాడ తాడిగడపలో ఎల్వీ ప్రసాద్ వాళ్ళ క్యాంపస్ ఉంది. రెండు చోట్లా కట్టలేనివాళ్ళకి ఉచితంగా, కట్టగలిగినవాళ్ళకి రకరకాల రేట్లలో చేస్తారు. నరసరావుపేట నుంచి బస్సు ఎక్కితే అయ్యే పనే. జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో అసలు డబ్బే తీసుకోరు. "ఉచితమంటే నాసి లెన్సు వేస్తారేమో" అన్న భయం మీకూ ఉన్నట్టుంది. ఒక్క సంగతి చెబుతాను. ఒకప్పుడు విదేశీ లెన్సు వేల రూపాయలుండేది. 1992లో మదురైలో అరవింద్ కంటి ఆసుపత్రి వాళ్ళు ఆరోల్యాబ్ పెట్టి సొంతంగా లెన్సులు తయారు చేయడం మొదలుపెట్టాక, అది కొన్ని వందలకి దిగొచ్చింది. ఆ లెన్సులు ఇప్పుడు ఎన్నో దేశాలకి వెళ్తున్నాయి. ఉచిత క్యాంపులో వేసేది చాలాసార్లు అలాంటి లెన్సే. మా మేనమామకి రెండు కళ్ళకీ ఉచితంగానే చేశారు, ఇప్పటికీ పేపరు చదివి రాజకీయాలు మాట్లాడి మా ప్రాణం తీస్తాడు.

ముందు ముందు ఎవరైనా ఆసుపత్రిలో చేరాల్సి వస్తే పనికొస్తుందని ఒకటి రాస్తున్నాను. బిల్లింగులో కూర్చున్న ఏళ్ళలో జనం తెలుసుకోక ఎక్కువ పోగొట్టుకున్నది గది దగ్గర. గది మారితే గది అద్దె ఒక్కటే మారుతుందని అనుకుంటారు. చాలా ప్రైవేటు ఆసుపత్రుల్లో గది తరగతిని బట్టే మిగతా రేట్లన్నీ నడుస్తాయి. డాక్టరు విజిట్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీ, సర్జన్ ఫీజు, ల్యాబు రేట్లు కూడా. అదే సర్జను, అదే థియేటరు, సింగిల్ రూములో ఉన్నవాడికి ఒక రేటు, ముగ్గురుండే గదిలో ఉన్నవాడికి ఒక రేటు. "సింగిల్ రూముకి రోజుకి రెండు వేలేగా ఎక్కువ" అని తీసుకున్న కుటుంబానికి చివరి బిల్లులో ముప్ఫై వేలు తేడా రావడం నా చేత్తోనే ప్రింటు తీసిచ్చాను. చేర్చేటప్పుడే "ఇదే ఆపరేషనుకి జనరల్ వార్డులో ఎంత, షేరింగులో ఎంత, సింగిల్లో ఎంత?" అని మూడు అంకెలు అడగండి. రెండు రోజులకోసారి నడుస్తున్న బిల్లు ప్రింటు అడగండి. వాడని మందులు, సిరంజిలు డిశ్చార్జికి ముందే వెనక్కిచ్చి బిల్లులో తగ్గించుకోండి, తర్వాత తీసుకోరు. మందులు, టెస్టులు బయట నుంచి తెచ్చుకునే హక్కు పేషెంటుకి ఉండాలని జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో రాసిన రోగుల హక్కుల పత్రంలో ఉంది. పోట్లాడమని కాదు, ఖరీదైన ఇంజెక్షన్లు రోజుల తరబడి వాడుతుంటే "బయట తెస్తాం, ఒప్పుకుంటారా?" అని అడగండి. ఒప్పుకోకపోయినా కొన్నిసార్లు రేటు తగ్గిస్తారు.

వాళ్ళు చెప్పే రేటు ఎక్కువో తక్కువో తెలియడానికి ఒక కొలత కావాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్‌ఎస్ రేట్ల జాబితా ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తుంది, 2025 అక్టోబరులో సవరించారు కూడా. ఆ రేటుకి మీకు చేయరు, అది వాళ్ళ ఒప్పందం. కానీ అక్కడ 20 వేలున్న పనికి మీకు 90 వేలు చెబితే ఎందుకని అడగడానికి నోరొస్తుంది. స్టెంటు లాంటివాటికైతే ప్రభుత్వమే ధర కట్టింది. 2017 ఫిబ్రవరిలో మందు పూత స్టెంటుని లక్షకి పైనుంచి 29,600కి దించారు, ఆ తర్వాత ఆ హద్దుని మళ్ళీ మళ్ళీ సవరిస్తున్నారు. స్టెంటు ధర బిల్లులో విడిగా, బ్రాండు పేరుతో సహా చూపించాలి. ప్యాకేజీ పేరుతో కలిపేస్తే విడదీసి ఇమ్మనండి.

ఇవన్నీ టైము ఉన్న జబ్బులకే. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఊపిరాడకపోవడం, యాక్సిడెంటు. వీటికి రేట్లు అడుగుతూ ఫోన్లు చేయకండి, 108కి చేయండి. మీ ఊళ్ళో గుండె నొప్పికి ఏ ఆసుపత్రికి వెళ్ళాలో ఈరోజే అనుకుని ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ఇంకోటి, నాన్నగారికి ఎన్టీఆర్ వైద్య సేవ, అదే పాత ఆరోగ్యశ్రీ, అర్హత ఉందో లేదో సచివాలయంలో ఒకసారి కనుక్కోండి. "మాకు రాదు" అని మీరే తేల్చేసుకున్నట్టు రాశారు. ఇంట్లో 70 దాటినవాళ్ళుంటే, ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ కార్డు మీద ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రిలో చేరే ఖర్చుకి వస్తుంది. 2024 అక్టోబరు నుంచి ఉంది. అమ్మమ్మగారు మీతోనే ఉంటారన్నారు కాబట్టి చెబుతున్నాను.

శుక్లం ఆపరేషను సాధారణంగా వారం పది రోజుల్లో మునిగిపోయే పని కాదు, షుగర్ కాస్త అదుపులోకి రావాలని వాళ్ళే అంటారు. ఈ వారం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి మందుల చీటీ మార్పించండి, రెటీనా పరీక్ష చేయించండి. వచ్చే వారం లెన్సు కాగితం తెచ్చుకోండి. అందులో కంపెనీ, మోడల్ ఏం రాశారో నాకు పంపండి. 48,000కి తగినదో కాదో అప్పుడు చెబుతాను.